మాతృఫలకము

చెన్నపట్టణమునుండి తిరుపతికి పోవు రాజమార్గము తిరుత్తణి, నగరి, పుత్తూరులను దాటి వడమాలపేట మీదుగా సాగును. పగలనక రాత్రియనక ఆ దారిని యాత్రికుల బస్సులు పోవుచుండును. ఎండకాలమున మామిడికాయల లారీలు బారులు తీరును. ఆ బారుల నడుమ దూరదేశపు సరకులు తెచ్చు చిన్న బండ్లను ఎవరును గమనింపరు. అట్టి బండి యొకటి క్రిందటి వేసవిలో మా అక్కగారి యింటి ముందు ఆగి, నల్లని అట్టపెట్టె నొకదానిని దించిపోయెను. పెట్టె పొడవు రెండు జానలకు మించదు. దాని వెల మాత్రము అరలక్ష రూపాయలకు పైబడినది.

ఆ పెట్టె మా మేనల్లునిది. అతడు రేణిగుంట దాపున ఒక ఎలక్ట్రానిక్ కర్మాగారమునందు పని చేయుచున్నాడు. 2015వ సంవత్సరము తరువాత రేణిగుంట, ఏర్పేడు ప్రాంతములలో సెల్‌ఫోనులు, టెలివిజనులు, కెమెరా భాగములు కూర్చు కర్మాగారములు పెక్కు వెలసిన సంగతి మీలో కొందరికి తెలిసియే యుండును. అతడు రెండేండ్ల జీతములో కొంతకొంత మిగిల్చి, ఆటల కంప్యూటరు నొకదానిని స్వయముగా కూర్చుకొనవలెనని సంకల్పించెను. ఆటలాడుట యొక్కటే అతని కోరిక కాదు. ఆటలలో కదలు బొమ్మలను గీయు విద్య నేర్చి, ఆ వృత్తిలో ప్రవేశింపవలెనని అతని ఆశ.

పెట్టెమీది చిత్రమును చూచి మా బావగారు, “ఇందులో కంప్యూటరు ఎక్కడ నున్నదిరా?” అని కుమారుని అడిగిరి.

“ఇది కంప్యూటరు కాదు నాయనా, మదర్‌బోర్డు.”

“అరలక్ష పోసి కొన్నది కంప్యూటరు కూడ కాదా!” అని ఆయన ఆశ్చర్యపడిరి.

ఆయన ప్రశ్న సమంజసమైనదే. కంప్యూటరులో లెక్కలు చేయునది ప్రాసెసరు. చేయుచున్న పనిని జ్ఞాపకముంచుకొనునది మెమొరీ. తెరమీద బొమ్మలు గీయునది గ్రాఫిక్స్ కార్డు. ఈ మూటిలో ఒకటియు ఆ పెట్టెలో లేదు. వీటినన్నిటిని తనపై నిలిపి, ఒకదానితో నొకదానిని కలుపు పలకయే మదర్‌బోర్డు. దానిని మనము మాతృఫలకము అనవచ్చును. రేణిగుంట కూడలి స్టేషను తాను ఏ సరకును తయారుచేయదు. కాని అది లేనిచో అరక్కోణము, గూడూరు, గుంతకల్లు, తిరుపతి దారులు ఎక్కడ కలియును? మాతృఫలకము కూడ అట్టి కూడలియే. రేడియోలు పుట్టిన తొలిరోజులలో భాగమునకును భాగమునకును నడుమ ఒక్కొక్క తీగను చేతితో అతికెడివారు. 1936 ప్రాంతమున పాల్ ఐస్లర్ అను ఆస్ట్రియా దేశపు ఇంజనీరు లండను నగరమున తీగలకు మారుగా రాగిరేకు గీతలను పలకపై ఏర్పరచి రేడియోను పలికించెను. నేటి ఫలకములన్నియు ఆ వంశమునకు చెందినవే. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. కంప్యూటరు ఫలకముపై ఇతర కార్డులు గుచ్చుటకు అయిదు గాళ్లు ఉండెడివి. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతను నిర్ణయించినది. ఆ కొలత ప్రకారము ఫలకము పొడవు 305 మిల్లీమీటర్లు, వెడల్పు 244 మిల్లీమీటర్లు. తైవాను ద్వీపమునందలి ఆసుస్, గిగాబైట్, ఎం.ఎస్.ఐ. మున్నగు సంస్థలు ఈ ఫలకముల తయారీలో పేరెన్నికగన్నవి.

పెట్టెను విప్పుటకు ముందు మా మేనల్లుడు రెండు పనులు చేసెను. మొదటిది, తన సెల్‌ఫోనును ఒక డబ్బాకు ఆనించి, పెట్టె నాలుగు ప్రక్కలును, దాని ముద్రలును కనబడునట్లు చలనచిత్రము తీయ నారంభించెను. ఈనాటి యువకులకు అన్నము తినుటను కూడ చిత్రము తీయు అలవాటు కలదు గదా! ఇదియు అట్టి వేడుకయే యనుకొని నేను లోలోన నవ్వుకొంటిని. రెండవది, కంప్యూటరుకు విద్యుత్తు నందించు ఇనుపడబ్బా యొకటి ముందే కొనియుంచినది ఉండెను. దాని తీగను గోడలోని సాకెట్టుకు తగిలించి, మీట వేయకయే, ఆ యినుమును అరచేతితో తాకెను.

ఈ రెండవ పనికి కారణము చెప్పవలెను. పొడిగాలి వీచునపుడు పాలియెస్టరు చొక్కా విప్పినచో చిటపట ధ్వని వినబడుట మీరెరుగుదురు. బట్ట ఒంటిపై రాచుకొనుటచే మన దేహమున విద్యుత్తు చేరును. అది మనకు చురుక్కుమని తెలియుటకు సుమారు 3000 వోల్టులైనను కావలెను. కాని ఫలకముపైనుండు చిన్న చిప్పులలో కొన్ని 100 వోల్టులకే చెడిపోవచ్చును. అనగా మనకు ఏమియు తెలియకుండగనే మన వ్రేలిచివర నుండి వాటికి హాని కలుగును. ఇనుపడబ్బా గోడసాకెట్టులోని మూడవ తీగద్వారా భూమితో కలిసియుండును. కావున దానిని తాకినవెంటనే దేహమునందలి విద్యుత్తు భూమిలోనికి పోవును.

ముద్రలు కోసి మూత తెరవగానే వెండిరంగు సంచిలో ఫలకము కనబడినది. ఆ సంచియు వట్టి సంచి కాదు. దాని పొరలలో సన్నని లోహపుపూత కలదు. అది బయటి విద్యుత్తును లోనికి పోనీయక కాపాడును. ఫలకమును సంచినుండి తీసిన తరువాత ఆ సంచిమీదనే పరచుట పెక్కుమంది చేయు పొరపాటు. లోహపుపూత గల వస్తువుపై నుంచి విద్యుత్తు పంపుట మంచిది కాదు. మా మేనల్లుడు ఫలకమును అంచులు పట్టుకొని తీసి, అట్టపెట్టె మూతపై మెల్లగా ఉంచెను.

నల్లని పలక. దానిపై దట్టమైన లోహపు దిమ్మెలు, సన్నని గాళ్లు, ఆవగింజలవంటి భాగములు వందలకొలది. మా బావగారు కండ్లద్దములు సవరించుకొని, పైభాగములను విడిచి, పలక అంచును తదేకముగా చూడసాగిరి. ఆయన నారాయణవనపు నేతకుటుంబమున పుట్టినవారు. ఇరువది యేండ్లు మగ్గముపై కూర్చుండి, తరువాత వడమాలపేటలో చిన్న బట్టల దుకాణము పెట్టుకొనిరి. కొంతసేపటికి ఆయన, “ఇది నేసినదిరా!” అనిరి.

మేము ఆశ్చర్యపడితిమి. ఆయన చెప్పినది అక్షరాల నిజము. ఫలకమునకు ఆధారము గాజుబట్ట. వెండ్రుకలో పదవవంతు మందము గల గాజుపోగులను నూలుగా చేర్చి, పడుగు పేకలతో మగ్గముపై నేయుదురు. ఈ బట్టలలో 1080 అను సంఖ్యతో వ్యవహరింపబడు రకము ఒకటి కలదు. దానిలో అంగుళమునకు పడుగుపోగులు 60, పేకపోగులు 47. నేసిన బట్టను జిగురులో ముంచి, రాగిరేకులతో పొరలుపొరలుగా పేర్చి, వేడిచేసి అదుముదురు. అక్కరలేని రాగిని రసాయనములతో కరిగించివేయగా మిగిలిన సన్నని గీతలే విద్యుత్తు నడచు దారులు. సాధారణముగా రాగిపొర మందము మిల్లీమీటరులో నూటికి మూడున్నర వంతులు మాత్రమే. వెలగల ఫలకములలో ఇట్టి పొరలు ఎనిమిది కూడ ఉండును. అయినను ఫలకము మొత్తము మందము ఒకటిన్నర మిల్లీమీటర్లకు కొంచెము ఎక్కువ. ఒక పొరనుండి మరియొక పొరకు దారి కావలసినచోట సన్నని రంధ్రము తొలిచి, దాని గోడలకు రాగిపూత పూయుదురు. పెక్కు పొరల ఫలకములను తిరుపతి జిల్లాలోనే నాయుడుపేటవద్ద తయారుచేయుదుమని సిర్మా అను సంస్థ 2025లో ప్రకటించినది.

నేతకును విద్యుత్తుకును గల సంబంధము ఇంతటితో తీరలేదు. రాగిగీతలో సంకేతము నానోసెకనుకు, అనగా సెకనులో నూరుకోట్లవ వంతు కాలమునకు, సుమారు 15 సెంటీమీటర్లు పోవును. అది కాంతివేగములో సగము. నేటి మంచి మెమొరీ తన ఒక్కొక్క గీతపై సెకనుకు 600 కోట్ల సంకేతములను పంపగలదు. కావున ఒక సంకేతమునకు లభించు కాలములో అది నడచు దూరము రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే! ప్రక్కప్రక్క గీతలలో ఒకదాని పొడవు కొన్ని మిల్లీమీటర్లు హెచ్చినచో దాని సంకేతము వెనుకబడును, మాట తారుమారగును. అందుచేత పొట్టిదారిని కావలెనని మెలికలు త్రిప్పి, పొడుగుదారితో సమానము చేయుదురు. ఫలకముపై పాము నడచినట్లు కనబడు గీతలు అందమునకు గీసినవి కావు. అంతేకాదు, గీత సరిగా గాజుపోగు మీదనే సాగినపుడు సంకేతము కొంచెము నెమ్మదిగను, పోగుల నడుమ జిగురుమీద సాగినపుడు కొంచెము వడిగను పోవును. ఈ భేదము తొలగుటకై కొందరు రూపకర్తలు గీతలను పడుగుకు నేరుగా గాక, కొంచెము ఏటవాలుగా నడపుదురు. ఈ మాట విని మా బావగారు తల పంకించి, తామును ఒకప్పుడు చీర అంచు వంకరపోకుండుటకు ఎట్టి పాట్లు పడిరో చెప్ప నారంభించిరి. ఆ కథకు ఇచట తావు లేదు.

ఫలకముపై ఎత్తుగానున్న లోహపు దిమ్మెల క్రింద విద్యుత్తును మార్చు ఏర్పాటు కలదు. ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. ఇనుపడబ్బా దానిని 12 వోల్టులకు దించును. ప్రాసెసరుకు కావలసినది సుమారు ఒక వోల్టు, ఒకటింబావు వోల్టు మాత్రమే. వోల్టులు తక్కువగదా యని తేలికగా చూడరాదు. 240 వాట్ల శక్తిని 1.2 వోల్టులలో అందింపవలెనన్న 200 ఆంపియర్ల ప్రవాహము కావలెను. పొలములో నీరు తోడు అయిదు అశ్వశక్తుల మోటారు ఒక్కొక్క తీగనుండి తీసికొనునది ఏడెనిమిది ఆంపియర్లే. అరచేతిలో ఇమిడిపోవు చిప్పు అంతకు ఇరువదియైదు రెట్లు త్రాగుచున్నదన్నమాట! ఇంత భారమును ఒక్క భాగము మోయజాలదు. వెనుకటి కాలమున ఒకే రోటిచుట్టు నలుగురు స్త్రీలు నిలిచి వడ్లు దంచుట పెద్దలు చూచియుందురు. ఒకరి రోకలి దిగునపుడు మరియొకరిది లేచును, పోటు ఎడతెగదు, ఎవరికిని అలసట తెలియదు. ఈ ఫలకముపై ఇరువదివరకు చిన్న భాగములు అట్లే వంతులవారీగా సెకనుకు లక్షలమారులు పని చేయును. చౌక ఫలకములో అవి తక్కువ. ఎక్కువ వెలకు గల కారణములలో ఇది ముఖ్యమైనది. మిరుమిట్లు గొలుపు రంగుదీపములు మరియొక కారణము. వాటివలన ఏ యాటయు వేగముగా నడవదని నా యభిప్రాయము. మా మేనల్లుడు ఒప్పుకొనలేదు.

క్రిందిభాగమున ఉక్కురేకు తొడిగిన పొడవైన గాడి గ్రాఫిక్స్ కార్డు కొరకు. ఆ కార్డులలో పెద్దవి ఒకటిన్నర, రెండు కిలోగ్రాముల బరువు తూగును గనుక గాడికి ఉక్కుతొడుగు అవసరమైనది. బొమ్మలు గీయు చిప్పుల రూపకల్పనలో ప్రపంచఖ్యాతి గడించిన రాజా కోడూరి గోదావరితీరమున కొవ్వూరునకు చెందినవారు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, ఏ.ఎం.డి., ఇంటెల్ సంస్థలలో ఆ శాఖలకు నాయకత్వము వహించిరి.

ఇక మిగిలినది ప్రాసెసరు కూర్చుండు పీఠము. దానిపై నల్లని ప్లాస్టిక్ మూత కలదు. ఈ మూత క్రిందనే అసలు ప్రమాదము పొంచియుండును. పూర్వము ఇంటెల్ ప్రాసెసరుల అడుగున సూదులవంటి పిన్నులుండెడివి, ఫలకముపై వాటికి తగిన రంధ్రములుండెడివి. 2004నుండి ఆ సంస్థ పిన్నులను ఫలకమునకు మార్చి, ప్రాసెసరు అడుగును చదునుగా చేసినది. 2021లో వచ్చిన పీఠమున పిన్నులు 1700. 45 మిల్లీమీటర్ల పొడవు, 37.5 మిల్లీమీటర్ల వెడల్పు గల ప్రాసెసరు అడుగున ఇవియన్నియు ఇముడవలెను. ఒక్కొక్క పిన్ను వంగిన సన్నని స్ప్రింగు. ప్రాసెసరును పైనుంచి మీట నొక్కగా ప్రతి పిన్నును కొంచెము అణగి, తనకు నియతమైన చుక్కను తాకును. వ్రేలు తగిలినను, బట్ట తగిలినను అది వంగిపోవును.

ఇది నాకు చదివి తెలిసినది కాదు. కొన్నేండ్ల క్రిందట నేను చెన్నపట్టణమున రిచీ వీధిలో చౌక ఫలకము నొకదానిని కొని తెచ్చితిని. మూత తీయగానే పిన్నులపై ధూళి కనబడినది. తువాలు కొనతో తుడిచితిని! పోగుకు చిక్కి రెండు పిన్నులు లేచివచ్చినవి. కంప్యూటరు సగము మెమొరీని గుర్తింపలేదు. తిరుపతిలో ఒక పనివాడు భూతద్దము క్రింద సూదిమొనతో గంటసేపు శ్రమించెను. ఒక పిన్ను నిలిచినది, రెండవది విరిగినది. పుత్తూరు దాపున విరిగిన యెముకలను కట్టు కట్టి అతికించువారు ప్రసిద్ధులు గదా. ఎముక తిరిగి పెరుగును గనుక ఆ కట్టు నిలుచును. వంచి మరల వంచిన లోహము మాత్రము ఆ చోటనే బలము కోల్పోవును.

మా మేనల్లుడు మూత తీసి, చేతిదీపమును ప్రక్కనుండి ఏటవాలుగా పట్టెను. 1700 పిన్నుల కొనలు చుక్కలవలె మెరసినవి. వరుసలు తీర్చిన ముగ్గువలె ఆ చుక్కలు సమముగా ఉండవలెను. ఎడమప్రక్క క్రిందిమూలకు దగ్గర ఒక్క చుక్క వరుస తప్పియున్నది. భూతద్దముతో చూచితిమి. ఒక పిన్ను ప్రక్కదానిమీదికి ఒరిగియున్నది. దానిని గమనింపక ప్రాసెసరు నుంచి విద్యుత్తు పంపియుండినచో, రెండు పిన్నులు కలిసి, మరి ముప్పదివేల రూపాయల ప్రాసెసరు కాలిపోయెడిదేమో!

అతని ముఖము వాడినది. కర్మాగారమున సూక్ష్మదర్శిని క్రింద పని చేయు చేయి అది. “మామా, సూదితో ఒక్క నిమిషములో సరిచేయుదును” అనెను. నేను నా తువాలుకథను మరల చెప్పితిని. అతడు సూదిని తాకినచో, తయారీదారు ఇచ్చిన పూచీ అంతటితో చెల్లిపోవును. తాకకున్నచో ఫలకమును తిరిగి పంపి, ఎన్నిరోజులో తెలియక వేచియుండవలెను. రెండేండ్ల కూడబెట్టిన సొమ్ము. కొంతసేపు ఎవరమును మాటలాడలేదు. తుదకు అతడు సూదిని క్రింద పెట్టి, ఆ మూలకు ఫోనును దగ్గరగా జరిపి, ఒరిగిన పిన్నును స్పష్టముగా చిత్రించి, మూతను యథాస్థానమున బిగించెను. మూతలేని ఫలకమును పలువురు తయారీదారులు తిరిగి స్వీకరింపరు.

అమ్మిన వర్తకుడు మొదట ఒప్పుకొనలేదు. పిన్నులు వంగుట కొన్నవారి అజాగ్రత్తయే యని రెండు పంక్తులలో సమాధానము వ్రాసెను. అప్పుడు మా మేనల్లుడు, నేను వేడుకయనుకొన్న ఆ చలనచిత్రమును పంపెను. చెక్కుచెదరని ముద్రలు, వాటిని కోయుట, సంచి తీయుట, మూత తెరచుట, దీపము, ఒరిగిన పిన్ను—నడుమ ఎక్కడను తెగకుండ ఒకే చిత్రమున నున్నవి. పీఠమును ఎవరి చేయియు తాకలేదు. మరునాడు మార్పిడికి అంగీకారము వచ్చినది. పండ్రెండు రోజులకు రెండవ పెట్టె వడమాలపేట చేరినది.

ఈమారు 1700 చుక్కలును వరుసలో నున్నవి. ప్రాసెసరును దాని మూలలోని గుర్తు పీఠముపై గుర్తుతో కలియునట్లు వ్రేళ్లతో వదలెను. నెట్టలేదు, నొక్కలేదు. మీట బిగించునపుడు కీచుమను ధ్వని కొంచెము వినబడును. అది సహజమే. మెమొరీ, గ్రాఫిక్స్ కార్డు అమరినవి. రాత్రి తొమ్మిది గంటలకు మీట వేసెను. పంకాలు తిరిగినవి, రంగుదీపములు వెలిగినవి, తెర మాత్రము చీకటిగనే యున్నది.

ఒక నిమిషము గడచినది. రెండవ నిమిషము గడచినది. మా అక్క వంటయింటినుండి వచ్చి గుమ్మమున నిలిచినది. నేను మీట ఆపుమంటిని. “వద్దు మామా” అని అతడు ఫలకము మూలలోని చిన్న అంకెల తెరను చూపెను. దానిపై రెండక్షరముల సంకేతములు మారుచున్నవి. క్రొత్త మెమొరీని మొదటిమారు కనుగొన్నపుడు ఫలకము దాని ప్రతి గీతపైనను సంకేతములు పంపి, ఏది ముందు చేరుచున్నదో, ఏది వెనుకబడుచున్నదో కొలిచి, అన్నిటిని సరిదిద్దుకొనునట. అది ముగియువరకు తెరపై ఏమియు కనబడదు. తెలియనివారు ఆ చీకటికి బెదరి నడుమనే మీట ఆపి, ఫలకము చెడినదనుకొందురు.

మా బావగారు మాత్రము కదలక కూర్చుండియుండిరి. “నాడె విసరుటకు ముందు పడుగు సరిచూచుకొనుచున్నది. చూచుకొననిండు” అనిరి.

నాలుగవ నిమిషమున తెర వెలిగినది. మా మేనల్లుడు పీఠముపైనుండి వచ్చిన నల్లని ప్లాస్టిక్ మూతను వెదకి తీసి, చిన్న కాగితమున చుట్టి, ఖాళీపెట్టెలో ఉంచి, పెట్టెను అటకమీదికి ఎక్కించెను.